నాలుగింటి తప్పుల జాబితా

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి నిద్రపోతున్నాడనే అందరూ అనుకున్నారు. ఆఖరి స్టాపులో కండక్టర్ వచ్చి భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. గాయమంటే అదొక్కటే.

చనిపోయినవాడు గూఢచారి విభాగం వార్తాహరుడు. అతని మేజోడులో సిగరెట్ పెట్టె రేకు మీద గీకిన రెండు ముక్కలు దొరికాయి. "ఈరోజు నాలుగింటికి. తప్పుల్లో వెతకండి."

రెండు గంటల తర్వాత, ఉదయం తొమ్మిదిన్నరకి, జల్లెడ కళ్ళజోళ్ళ షాపు మెట్లెక్కాడు. జల్లెడ అన్నది విభాగం పెట్టిన పేరు. ముప్పై ఐదేళ్ళ మనిషి. నలిగిన చొక్కా, నిద్ర చాలని కళ్ళు, భుజానికి లాప్‌టాప్ సంచి. ఎవరు చూసినా "పాపం, కంప్యూటర్ ఉద్యోగం" అనుకుని తల తిప్పుకుంటారు. గూఢచారికి అంతకన్నా మంచి మారువేషం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ముందు గదిలో అద్దాలు అరగదీసే ముసలాయన మెషీన్ ఆపి తలెత్తాడు.

"దగ్గరిది కనబడటం లేదా, దూరందా?"

"రెండూ బానే ఉన్నాయి. మధ్యదే మసగ్గా ఉంది."

కోడ్ సరిపోయింది. ముసలాయన తెర పక్కకి జరిపాడు. వెనక గదిలో, కంటి పరీక్షకి పెట్టిన అక్షరాల పటం కింద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. విభాగానికి అధిపతి. పలకరింపులు ఆయనకి చేతకావు.

"మనవాడు పోయాడు. సంగతి విను. అవతలి దేశంలో మన మీద పనిచేసే ముఠాకి ఎనిమిదేళ్ళుగా ఒకటే బాధ. వాళ్ళ రహస్యాలు మన దాకా వచ్చేస్తున్నాయి. ఎవరి చేతి మీదుగానో వాళ్ళకి తెలీదు. ఆ మనిషి ఎవరో ఈరోజు నాలుగింటికి వాళ్ళకి తెలియబోతోంది. చెప్పేది మన విభాగంలోనే ఉన్న దొంగ. దొంగ ఉన్నాడన్న సంగతి మనవాడు నిన్ననే కబురు పెట్టాడు."

"ఎలా చెప్తాడు సార్? దేశం దాటే ప్రతి మెయిలూ మనం చూస్తున్నాం కదా?"

"ఒక్క సర్వర్‌వి చూడం. నమ్మకమైనదని వదిలేశాం. నువ్వు పనిచేసే ఆఫీసుది."

జల్లెడ సంచి భుజం మీంచి దించాడు. ఆరు నెలలుగా అతను వేషం కట్టి పనిచేస్తున్నది ఓడరేవు సరుకుల వెబ్ సర్వీసులో. ఎగుమతిదారులు తాము పంపే సరుకుల జాబితాని ఫైలుగా అప్‌లోడ్ చేస్తారు. ఆ ఫైలుని లైను లైనుగా విడగొట్టి ఏ కాలమ్‌లో ఏముందో చదివే ప్రోగ్రాముని పార్సర్ అంటారు. లైనుకి తొమ్మిది కాలమ్‌లు. ఎనిమిదున్నా పదున్నా పార్సర్ ఆ లైనుని అవతల పారేస్తుంది, ఎన్ని తప్పులో అప్పటికప్పుడే పేజీ మీద చెబుతుంది. పారేసిన లైన్లన్నీ రోజూ సాయంత్రం నాలుగింటికి తప్పుల జాబితాగా మెయిల్లో వెనక్కి వెళతాయి. ఏ అడ్రసుకి పంపాలో ఫైలు మొదట్లో ఎగుమతిదారే రాసుకుంటాడు.

అంటే దొంగ చేయవలసిందల్లా ఒక కాలమ్ ఎక్కువ పెట్టి, అందులో రహస్యం రాసి, ఫైలు పడేయడమే. పార్సర్ దాన్ని తప్పంటుంది. సర్వర్ దాన్ని భద్రంగా దేశం దాటిస్తుంది.

"తప్పుల్లో వెతకండి," అన్నాడు జల్లెడ మెల్లగా. "ఎవరి గురించి సార్ ఆ కబురు?"

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ అక్క."

అమ్మ పోయేనాటికి జల్లెడకి ఆరేళ్ళు, అక్కకి పదహారు. జుట్టు దువ్వడం, బూట్లకి లేసులు కట్టడం, ఎక్కాలు తప్పితే మొట్టికాయ వేయడం, ఏడిస్తే మళ్ళీ ఆ బుర్రే నిమరడం, అన్నీ అక్కే. తల్లీ తండ్రీ బడీ అన్నీ ఆమే అతనికి. విభాగంలో ముందు చేరింది అక్క. ఆ వెనకే తమ్ముడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పొద్దున ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ లేదు, ఉత్తరం లేదు. ఏ ఊళ్ళో ఉందని అడగకూడదు. రూలు.

"ఆవిడ అక్కడ ఏ పేరుతో ఉందో, ఏ వీధిలో ఉందో చెప్పండి సార్. ఫైళ్ళలో వెతుకుతా."

"నాకే తెలీదు. పేరు తనే మార్చుకుంటుంది, ఇల్లూ అంతే. నా దగ్గరున్నది ఒక పోస్టు పెట్టె నంబరు. హెచ్చరిక రాస్తే, అది ఆ పెట్టెకి చేరి ఆవిడ తీసుకునేసరికి రెండ్రోజులు. అప్పటికి..."

"సర్వర్ ఆపేద్దాం."

"ఆపితే రేపు ఇంకో దారి వెతుక్కుంటాడు. మనకి తెలిసిన దారి ఇదొక్కటే. చడీచప్పుడూ లేకుండా ఆ లైను పట్టుకో." ఒక ఫోటో ముందుకి తోశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అందగత్తె. "సంపెంగ. మనకీ అమ్ముతుంది, వాళ్ళకీ అమ్ముతుంది. ఇద్దరమూ కొంటాం, ఇద్దరమూ నమ్మం. నీ దారిలోకి రావచ్చు."

వెళుతుంటే ముసలాయన కొత్త కళ్ళజోడు చేతిలో పెట్టాడు. అంచుల్లో అద్దం పూత. పెట్టుకుంటే వెనక ఎవరున్నదీ కనిపించాలి. వీధిలోకి వచ్చి జల్లెడ పెట్టుకుని చూశాడు. ఏమీ కనిపించలేదు. విభాగం ఇచ్చిన పరికరం ఏనాడు పనిచేసింది గనక!

*

ఆఫీసు మూడో అంతస్తు. పొడవాటి హాలు, ఎదురెదురుగా బల్లలు, ఏసీ చల్లదనానికి స్వెట్టర్లు తొడుక్కున్న మనుషులు. పదకొండింటికి జల్లెడ కుర్చీలో కూర్చున్నాడు. పార్సర్ పారేసిన లైన్ల పట్టిక తెరిచాడు. అప్పటికే నాలుగు వేల చిల్లర. చూస్తుండగానే పెరుగుతోంది.

అతన్ని తినేస్తున్న సంగతి ఇంకొకటుంది. ఈ తప్పుల జాబితా అతను పెట్టిందే. అతను రాకముందు పార్సర్ "ఫలానా లైనులో తప్పుంది" అని చెప్పి ఊరుకునేది. ఆ లైనులో ఏముందో తిప్పి పంపేది కాదు. రెండు నెలల కిందట, ఎగుమతిదారులు పడే పాట్లు చూడలేక, లైనుని ఉన్నదున్నట్టుగా వెనక్కి పంపే ఏర్పాటు చేశాడు. దానికి తోడు, అదే ఫైలు నంబరుతో సరిచేసిన ఫైలు నాలుగు లోపు వస్తే పాతది రద్దయ్యేలా చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. నాటకంలో వేషం వేసినవాడు నిజంగా రాజుననుకుని కోటకి కిటికీ కొట్టించాడు. ఆ కిటికీలోంచే ఇప్పుడు అక్క మెడకి ఉరి దిగుతోంది. ఉద్యోగం నటించమంటే ఎందుకు చేశావురా, వెధవా, అని తనని తాను తిట్టుకున్నాడు.

వింత అక్షరాలున్న లైన్లు వెతికాడు. వందల కొద్దీ ఉన్నాయి, అన్నీ పాడైన కీబోర్డుల పుణ్యం. అన్నిటికన్నా పొడవైన లైన్లు చూశాడు. ఒకాయన మొత్తం ఉత్తరాన్నే కాలమ్‌లో అతికించాడు, తన బావమరిది మీద ఫిర్యాదు. విదేశీ మెయిల్ అడ్రసులు చూశాడు. ఎగుమతిదారులన్నాక సగం మందికి అవే ఉంటాయి. పన్నెండైంది. ఒంటిగంట అయింది. అరచేతుల చెమటకి మౌస్ జారుతోంది.

రెండింటికి హాలు తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనక మనిషి. ముదురాకుపచ్చ కోటు, నల్లకళ్ళద్దాలు, చేతిలో బంగారు రంగు పెన్ను. ఫోటోలోని ముఖమే.

మేనేజర్ చేతులు నలుపుకుంటూ ప్రకటించాడు. "సెక్యూరిటీ ఆడిట్ అట. మేడమ్ పైవాళ్ళ ఉత్తరం తెచ్చారు. ఫోన్లన్నీ ట్రేలో పెట్టండి బాబూ. ఇవాళ ఎవరూ కోడ్ ముట్టుకోవద్దు. సర్వర్ చూడొచ్చు, మార్చడానికి లేదు."

ఫోను పోయింది. ఆఫీసు నెట్లో తమ సైటు తప్ప ఇంకోటి తెరుచుకోదు. మేనేజర్ బల్ల మీది ల్యాండ్‌లైనుకి కస్టమర్ల కాల్స్ వస్తాయే గాని బయటికి పోవు. సర్వర్ ఎక్కడో వేరే భవనంలో ఉంది. సంపెంగ అతని బల్ల పక్కనుంచి వెళుతూ చిన్నగా నవ్వింది.

తను వేటలో ఉన్నట్టు ఈమెకి అప్పుడే ఎలా తెలిసింది? వెనక గదిలో ఉన్నది తనూ, పెద్దాయనా. ఇద్దరే.

మూడైంది. తప్పుల లైన్లు ఆరు వేలు దాటాయి. జల్లెడ ఇప్పుడు వెతకడం లేదు, ఊరికే కిందికి జరుపుతున్నాడు. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఈపాటికి అక్క ఏ కిటికీ దగ్గరో కూర్చుని ఉంటుంది, ఎవరో వస్తారని కూడా తెలియకుండా.

మూడుంపావుకి మేనేజర్ ఫోను మోగింది. రిసీవర్ చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా అవతలి గొంతు హాలంతా వినిపిస్తోంది. చెప్పుల ఎగుమతిదారు. పన్నెండు లైన్లు పారేశారట, ఓడ రేపేనట, మీ పార్సర్‌ని పాతరెయ్య అంటున్నాడు.

"అయ్యా, సరిచేసి మళ్ళీ పంపండి... పంపారా? మళ్ళీ తప్పేనా? అయ్యా, తిట్టకండి, మా అమ్మకి దీంతో సంబంధం లేదు..."

జల్లెడ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

పొరపాటున తప్పు చేసినవాడు ఊరుకోడు. తిడతాడు, సరిచేస్తాడు, మళ్ళీ పంపుతాడు. సరుకు ఓడెక్కాలి కదా! కావాలని తప్పు చేసినవాడికి ఆ గొడవ లేదు. తప్పే అతని సరుకు. అది ఓడెక్కకపోయినా పరవాలేదు, మెయిలెక్కితే చాలు.

రెండు నెలల రికార్డుల్లో ప్రతిసారీ తప్పు చేసి ఒక్కసారీ సరిచేయనివాళ్ళెవరని సర్వర్ని అడిగాడు. చూడటానికి ఇంకా అనుమతి ఉంది. సర్వర్ ఆలోచించింది. మూడూ నలభై ఒకటికి జవాబిచ్చింది. ఒకే ఒక్క పేరు. గుండీల ఎగుమతిదారు. ఎనిమిది వారాలు, ఎనిమిది ఫైళ్ళు, ఫైలుకొక్క తప్పు. ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఇంత ఓర్పు గల కస్టమర్ భూమ్మీద ఉండడు.

ఈరోజు ఫైలు తెరిచాడు. తెల్ల గుండీలు, నల్ల గుండీలు, నాలుగు రంధ్రాల గుండీలు. పదిహేడో లైనులో పదో కాలమ్. ఒక వీధి, ఒక ఇంటి నంబరు, సాయంత్రం నడకకి వెళ్ళే వేళ. ఆ తర్వాత: కుడి మైనస్ ఏడు, ఎడమ మైనస్ రెండు.

అక్క కళ్ళు. చిన్నప్పటి నుంచీ ఒక కన్ను అమావాస్య, ఒక కన్ను పౌర్ణమి అని తన మీద తనే జోకులేసుకునేది. పోస్టు పెట్టెలో ఉత్తరాలు పడతాయి గాని గాజు కళ్ళజోడు పట్టదు. అది ఇంటికే పంపాలి. అందుకే అక్క తన ఇంటి అడ్రసు ఈ లోకంలో ఒక్కడికే ఇచ్చుకుంది. మనిషిని కంటి పవరుతో గుర్తుపెట్టుకునేవాడూ ఆ ఒక్కడే. తెర అవతల నిలబడి అంతా విన్నవాడూ, పనిచేయని కళ్ళజోడు అంటగట్టినవాడూ వాడే. అద్దాలు అరగదీసే ముసలాయన.

మూడూ నలభై ఆరు.

లైను చెరిపే అధికారం లేదు. కానీ సంపెంగ మూయించింది సిబ్బంది వాడే దొడ్డి తలుపు. ఎగుమతిదారులు వచ్చే వీధి తలుపు తెరిచే ఉంది. జల్లెడ వాళ్ళు వాడే అప్‌లోడ్ పేజీ తెరిచాడు. గుండీలవాడి అప్‌లోడ్ కీ, అంటే ఫైలు పంపడానికి ఇచ్చే రహస్య సంఖ్య, రికార్డులో ఉంది, అతికించాడు. పాత ఫైలు నంబరే వేశాడు. పదో కాలమ్ తీసేశాడు. ఇక నొక్కడమే.

వేలు ఆగిపోయింది. తీసేస్తే మాత్రం? ముఠా కబురు కోసం కాచుకుని ఉంది. ఇవాళ రాకపోతే రేపు అడుగుతుంది. ముసలాయన ఇంకోసారి చెప్తాడు. అక్కకి దక్కేది ఒక్క పూట.

ముఠాకి ఎవరో ఒకరు కావాలి. మరి ఎవర్ని రాయాలి? ఎవరి అడ్రసు రాస్తే వాళ్ళ మెడ మీద ఎర్రచుక్క పడుతుంది. అక్క కోసమైనా సరే, ఏ పాపమూ ఎరగని మనిషిని చంపితే ఆ అక్కే తన ముఖం చూడదు.

సెంటు వాసన మళ్ళీ హాలు ఆ మూల నుంచి వచ్చింది. జల్లెడ సందర్శకుల పట్టిక తెరిచాడు. ఆడిటర్ మేడమ్ తన పేరు, హోటలు, గది నంబరు ఒక్క గడీ కూడా వదలకుండా నింపింది. గది ఆరువందల పద్నాలుగు. జల్లెడ పదో కాలమ్ మళ్ళీ తగిలించాడు. పేరు, హోటలు, గది, "మొదటి నుంచీ విభాగం మనిషి" అన్న ముక్క. ముసలాయన అలవాటు తప్పకుండా చివర పవరు కూడా వేశాడు. కుడి సున్నా, ఎడమ సున్నా. ఫైలు జతచేశాక తెర మీద మిగిలింది పంపే బొత్తాం ఒక్కటే.

మెడ వెనక చల్లగా ఏదో తగిలింది.

"చేతులు కీబోర్డు మీంచి తియ్యి," అంది సంపెంగ చెవి దగ్గర. దూరం నుంచి చూసేవాళ్ళకి ఆడిటర్ స్క్రీన్ మీద ఏదో చూపిస్తున్నట్టే ఉంటుంది. "పెన్ను మీట నొక్కితే చాలు. బస్సులో మీవాడు అరవను కూడా లేదు."

మూడూ యాభై ఆరు. జల్లెడ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అక్క," అన్నాడు. "నన్ను పెంచింది. నీక్కావలసింది ఏదైనా ఇస్తా. వదిలెయ్."

"నీ దగ్గర ఏముంది ఇవ్వడానికి? నాలుగు నిమిషాలు కూర్చో. తర్వాత ఇంటికి వెళ్ళి ఏడుద్దువు గాని."

మూడూ యాభై ఏడు. యాభై ఎనిమిది. గోడ గడియారంలో సెకండ్ల ముల్లు ఎవరి కోసమూ ఆగడం లేదు. మీట నొక్కుకుంటే నొక్కనీ, చేయి చాస్తానని అనుకున్నాడు. కానీ చేయి కీబోర్డుని చేరేలోపే విషం పనిచేస్తుంది. తనూ పోయి, అక్కా పోయి, ఎవరికి లాభం?

మేనేజర్ ఫోను మళ్ళీ మోగింది. అదే చెప్పులాయన, అవే బూతులు. జల్లెడ ఉన్నట్టుండి గొంతెత్తాడు.

"సార్! చెప్పులాయన ఫైలు నేను సరిచేసి పెట్టాను. కస్టమర్ పేజీలో రెడీగా ఉంది. నొక్కమంటారా? ఆడిటర్ మేడమ్ అనుమతి కావాలేమో!"

హాలంతా ఇటు తిరిగింది. మేనేజర్ రిసీవర్ వైరు లాగినంత దూరం లాక్కుంటూ నాలుగడుగులు వచ్చాడు.

"మేడమ్, కస్టమర్ ఫైళ్ళకి మీ ఆంక్ష లేదు కదా? ఆయన నన్ను బతకనివ్వట్లేదు. నొక్కనివ్వండి మేడమ్, మీకు పుణ్యముంటుంది!"

ఇరవై జతల కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. పెన్ను మెడ మీంచి వేలెడు దూరం జరిగింది. చెప్పుల ఫైలుతో తనకేం నష్టమనుకుందో ఏమో.

"నొక్కండి," అంది సంపెంగ.

జల్లెడ నొక్కాడు. మూడూ యాభై తొమ్మిది దాటి ముప్పై సెకన్లు. ఫైలు వెళ్ళింది. క్యూలో ముందు ఇంకా ఆరు ఫైళ్ళు. ఐదు. మూడు. ఒకటి. పార్సర్ గుండీలు లెక్కపెట్టుకుంటూ పదిహేడో లైనుకి వచ్చింది, పదో కాలమ్ చూసి ముఖం చిట్లించింది, పక్కన పడేసింది. "పాత ఫైలు రద్దు. కొత్త ఫైలులో ఒక తప్పు." యాభై ఏడో సెకను.

నాలుగైంది. మెయిళ్ళు వెళ్ళిపోయాయి.

మేనేజర్ వెళ్ళేదాకా ఆగి సంపెంగ నిట్టూర్చింది. "అయిపోయింది. పాపం మీ అక్క."

"మా అక్క కాదు. నువ్వు." జల్లెడ ఫైలు తెరిచి స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "ఇప్పుడు నొక్కింది చెప్పులాయన ఫైలు కాదు, గుండీలవాడిది. మీవాళ్ళు ఎనిమిది వారాలుగా ఆ ఫైలు నమ్ముతున్నారు, నిన్ను ఏనాడూ నమ్మలేదు. చదువుకో."

ఆమె నల్లకళ్ళద్దాలు తీసింది. రెండుసార్లు చదివింది.

"హోటలుకి వెళితే మీ వాళ్ళుంటారు," అన్నాడు జల్లెడ. "నన్ను చంపితే మా వాళ్ళు కూడా వస్తారు. ఆ పెన్ను మూత పెట్టి ట్రేలోంచి నా ఫోన్ తెచ్చిస్తే, పెద్దాయనతో మాట్లాడి నీకొక తలుపు తెరిపిస్తా. ఇన్నేళ్ళూ రెండిళ్ళ చుట్టమై తిన్నావు. ఇక మిగిలింది ఒక్క ఇల్లే."

సంపెంగ పెన్నుకి మూత పెట్టి, ఫోన్ తేవడానికి వెళ్ళింది. నడక మాత్రం మారలేదు, అది ఒప్పుకోవాలి.

నాలుగున్నరకి ముసలాయన్ని పట్టుకున్నప్పుడు మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉందట.

*

మూడు వారాల తర్వాత, పెద్దాయన కొత్తగా మారిన గదిలో, తలుపు తీసుకుని ఒకావిడ వచ్చింది. కణతల దగ్గర నెరిసింది, చిక్కింది. కళ్ళజోడులో ఒక అద్దం మందం, ఒకటి పలచన. జల్లెడ లేచి నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వచ్చి, ఎనిమిదేళ్ళ కిందట వదిలిన చోటనే మొదలుపెట్టినట్టు, అతని జుట్టు సవరించింది. అతను చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దాయన కిటికీలోంచి వీధి చూడటంలో మునిగిపోయాడు.

"ఊరుకో రా. నాకేం కాలేదుగా," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఇక ఆ కంప్యూటర్ ఆఫీసు వదిలేసి విభాగానికి వచ్చేస్తావా?"

"వదలనివ్వట్లేదక్కా. ప్రమోషన్ ఇచ్చారు. వచ్చే వారం నుంచి కస్టమర్ల ఫోన్లు కూడా నేనే చూడాలట."

"దేశాన్ని కాపాడేవాడివి, దానికి భయమేంట్రా?"

జల్లెడ ముక్కు తుడుచుకున్నాడు.

"దేశం ఫోన్ చేసి తిట్టదు కదక్కా."